మపూచేల తరఫున మాట్లాడేదెవరు? చిలీ రాజ్యంతో తెగని పేచీ

2021 జూలై 4న శాంటియాగోలో చిలీ కొత్త రాజ్యాంగం రాయడానికి 155 మంది సమావేశమై, తమ అధ్యక్షురాలిగా ఎలీసా లోంకోన్ అనే మపూచే మహిళను 96 ఓట్లతో ఎన్నుకున్నారు. భాషాశాస్త్రం చదివిన ఆవిడ వేదికెక్కి ముందుగా తన భాష మపుదుంగున్‌లోనే అందరినీ పలకరించింది. చిలీ అనే దేశం పుట్టాక అలాంటి పదవిలో ఒక మూలవాసి కూర్చోవడం అదే మొదలు. పద్నాలుగు నెలలు తిరిగాయో లేదో, 2022 సెప్టెంబర్ 4న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 62 శాతం మంది ఆ ముసాయిదాను తిరస్కరించారు. మపూచేల గడ్డ అని అందరూ చెప్పుకునే అరౌకానియా ప్రాంతంలో అయితే తిరస్కరించినవాళ్లు దాదాపు 74 శాతం.

ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి "చూశారా, మపూచేలకే అక్కర్లేదు" అని తేల్చేసినవాళ్లు చాలామంది. ఆ మాట అనడం తేలికే గానీ, అందులో కనీసం మూడు తప్పులున్నాయి. అరౌకానియాలో మపూచేలు మూడో వంతే, మిగతా రెండు వంతులూ వేరేవాళ్లు. మపూచేలందరిదీ ఒకే గొంతు అనుకోవడం రెండో తప్పు. అన్నిటికంటే పెద్దది మూడోది: ఓటు, సీటు, పార్లమెంటు అనే కొలబద్దతోనే వాళ్లకూ రాజ్యానికీ మధ్య ఉన్న సంబంధాన్ని కొలిచేయవచ్చు అనుకోవడం. ఆ సంబంధం చిలీ రాజ్యం కంటే పాతది, అది మొదలైంది భూమి దగ్గర. భూమి సంగతి పక్కన పెట్టి ఎన్ని సీట్లు ఇచ్చినా ముడి విడిపోదని నా గట్టి నమ్మకం. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ముందు లెక్కలు చూద్దాం. చిలీలో 2017 జనాభా లెక్కల్లో 17 లక్షల మందికి పైగా తాము మపూచేలమని రాయించుకున్నారు, అంటే దేశ జనాభాలో సుమారు పదో వంతు. ఆండీస్ కొండలకు అవతల అర్జెంటీనాలోనూ మపూచేలు ఉన్నారు, వాళ్ల కథ వేరు, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు. చిలీ మపూచేల్లో అరౌకానియాలో ఉన్నది మూడు లక్షల పైచిలుకే, రాజధాని శాంటియాగో ప్రాంతంలో ఆరు లక్షలకు పైగా ఉన్నారు. భూమి చాలక, పని కోసం, రెండు మూడు తరాలుగా వలస పోయినవాళ్లూ వాళ్ల పిల్లలూ. ఇళ్లల్లో పనిమనుషులుగా, బేకరీల్లో కూలీలుగా చేరినవాళ్లు చాలామంది. మపూచే అనగానే అడవి, పొగమంచు, గుర్రం ఊహించుకునేవాళ్లు, మూడో వంతుకు పైగా నగరపు శివారు బస్తీల్లో ఉన్నారన్న సంగతి గుర్తు పెట్టుకోవాలి. తర్వాత సీట్ల లెక్క దగ్గర ఇది మళ్లీ అవసరమవుతుంది.

రెండో సంగతి, వాళ్ల రాజకీయ నిర్మాణం. మపూచేలకు ఎప్పుడూ ఒక రాజు లేడు, ఒక రాజధాని లేదు. బంధువర్గాలు కలిసి ఉండే లోఫ్ అనే సముదాయం ఉంటుంది, దానికి లోంకో అనే పెద్ద ఉంటాడు. కొన్ని లోఫ్‌లు కలిసి పెద్ద కూటములు అవుతాయి, యుద్ధం వస్తే అందరూ కలిసి తోకి అనే సేనానిని ఎంచుకుంటారు, యుద్ధం అయిపోగానే అతని అధికారమూ అయిపోతుంది. ఒకరి మాట ఇంకొకరికి చేరవేసే వెర్కెన్ ఉంటాడు, వైద్యమూ ఆధ్యాత్మిక విషయాలూ చూసే మాచి ఉంటుంది. ఎవరూ ఇంకొకరి తరఫున సంతకం పెట్టలేరు. ఈ నిర్మాణం వల్లనే స్పెయిన్ వాళ్లకు లొంగలేదు. మెక్సికోలోనూ పెరూలోనూ స్పెయిన్ సేనలు చక్రవర్తిని పట్టుకుని సామ్రాజ్యాన్ని పట్టుకున్నాయి, ఇక్కడ పట్టుకోవడానికి చక్రవర్తే లేడు. సరిగ్గా ఈ నిర్మాణమే ఇవాళ "మీ ప్రతినిధి ఎవరు? ఎవరితో మాట్లాడాలి?" అని అడిగే ఆధునిక రాజ్యానికి మింగుడు పడటం లేదు.

1553 డిసెంబర్‌లో తుకపెల్ దగ్గర లౌతారో నాయకత్వంలోని మపూచేలు స్పెయిన్ గవర్నర్ పెద్రో దె వల్దీవియాను చంపారు. 1598లో కురలబా దగ్గర ఇంకో గవర్నరూ వాళ్ల చేతిలోనే పోయాడు, తర్వాత కొన్నేళ్లలో బియోబియో నదికి దక్షిణాన ఉన్న స్పానిష్ పట్టణాలన్నీ నాశనమయ్యాయి. చివరికి 1641లో కిలిన్ దగ్గర రెండు పక్షాలూ కూర్చున్నాయి. నదికి దక్షిణం మపూచేలది అని స్పెయిన్ ఒప్పుకుంది. పార్లమెంట్లు అని పిలిచిన ఇలాంటి సమావేశాలు ఆ తర్వాత దాదాపు రెండు వందల ఏళ్ల పాటు పదే పదే జరిగాయి. వందల మంది లోంకోలు వచ్చేవాళ్లు, రోజుల తరబడి మాట్లాడేవాళ్లు, తిండి, వైన్, కానుకలు, ఎన్నో ప్రసంగాలు. మధ్యలో గొడవలూ దాడులూ లేకపోలేదు. అయినా ఒక యూరోపియన్ సామ్రాజ్యం అమెరికా ఖండంలో ఒక జాతిని ఇంత కాలం పాటు ఒప్పందాలతోనే నెట్టుకురావడం మామూలు విషయం కాదు.

స్పెయిన్ పోయి చిలీ వచ్చింది. 1825లో తపివే దగ్గర కొత్త గణతంత్రం కూడా మపూచేలతో ఒప్పందం చేసుకుంది, మపూచేల వైపు నుంచి ఫ్రాన్సిస్కో మరిలువాన్ సంతకం చేశాడు, బియోబియో హద్దు అలాగే ఉండాలని అందులో రాసుకున్నారు. ఇవాళ్టి మపూచే సంఘాలు "మేం మైనారిటీ కాదు, మీతో ఒప్పందం చేసుకున్న జాతి" అన్నప్పుడు చూపించే కాగితాల్లో ఇది ముఖ్యమైనది. ఇక్కడ రాజ్యం మాటా మపూచేల మాటా పూర్తిగా విడిపోతాయి. మీరు చిలీ పౌరులు, అందరితో పాటు మీకూ ఓటుంది, ఇంకేం కావాలి అన్నది రాజ్యం వాదన. మాకు ఓటు రాకముందే మీతో ఒప్పందం ఉంది, దాన్ని తెంచింది మీరు అన్నది మపూచేల వాదన.

తెంచడం ఎలా జరిగిందంటే, 19వ శతాబ్దం మధ్యలో గోధుమ ఎగుమతి లాభసాటిగా మారింది, నదికి దక్షిణాన ఉన్న సారవంతమైన నేల మీద అందరి కళ్లూ పడ్డాయి. 1861 నుంచి 1883 దాకా చిలీ సైన్యం కోటలు కట్టుకుంటూ, ఊళ్లు తగలబెట్టుకుంటూ, పశువుల్ని తోలుకుపోతూ దక్షిణానికి జరిగింది. దీనికి పథకం వేసినవాడు కొర్నేలియో సావేద్రా అనే సైనికాధికారి. అధికారిక చరిత్రలో దీని పేరు "అరౌకానియా శాంతీకరణ". ఇవాళ అరౌకానియాకు ముఖ్య పట్టణమైన తెముకో, 1881లో ఈ దండయాత్ర మధ్యలో కోటగా మొదలైన ఊరు.

తర్వాత జరిగిన భూమి పంపకం మొత్తం కథకు గుండెకాయ, అందుకే ఇక్కడ కాస్త ఆగుతున్నాను. 1884 నుంచి 1929 దాకా ప్రభుత్వ కమిషన్ ఒకటి తిరిగి మపూచేలకు మెర్సెడ్ పట్టాలు ఇచ్చింది. సుమారు 3 వేల పట్టాలు, 80 వేల మందికి పైగా మనుషులు, మొత్తం కలిపి 5 లక్షల హెక్టార్లు, అంటే సుమారు పన్నెండున్నర లక్షల ఎకరాలు. వినడానికి ఎక్కువే అనిపిస్తుంది, కానీ బియోబియో దిగువన వాళ్ల చేతిలో ఉన్న నేలలో ఇది పదో వంతు కూడా కాదు, తలకు సుమారు ఆరు హెక్టార్లు. మిగతాది వేలం పాటల్లో చిలీ ధనవంతులకూ, ప్రభుత్వమే ఓడలెక్కించి తీసుకొచ్చిన జర్మన్, స్విస్, ఫ్రెంచ్, ఇటాలియన్ కుటుంబాలకూ పోయింది. పశువులు మేపుకుంటూ విశాలంగా బతికిన జనం చిన్న చిన్న నేల చెక్కల్లో ఇరుక్కుని పేద రైతులయ్యారు. పైగా ఎక్కడో ఉన్న వేర్వేరు లోఫ్‌ల మనుషుల్ని ఒకే పట్టా కింద కుక్కి, ఒకరిని పెద్దగా రాసేశారు. ఊళ్లో ఎవరి మాట చెల్లాలో కూడా సర్కారు కాగితం తేల్చడం అక్కడే మొదలైంది.

ఆ పట్టా భూములైనా మిగిలాయా అంటే, అదీ లేదు. పక్కన ఉన్న పెద్ద కమతాలవాళ్లు కంచె జరపడం, అప్పు పేరుతో రాయించుకోవడం, తాగించి వేలిముద్ర వేయించుకోవడం, కోర్టుకెళ్తే స్పానిష్ రాదని తరిమేయడం. ఇవాళ చిలీలో భూమి గొడవ అని వార్తల్లో వచ్చేవాటిలో చాలా భాగం ఈ 5 లక్షల హెక్టార్ల లోపల, రాజ్యమే ఇచ్చిన పట్టా హద్దుల లోపల పోయిన భూమి గురించే. పూర్వీకుల నేల మొత్తం ఇమ్మనేవాళ్లూ ఉన్నారు, నిజమే, కానీ ఎక్కువ సముదాయాలు పట్టుకుని తిరిగేది ఆ పాత పట్టా కాగితాన్నే. ఈ తేడా తెలియనివాళ్లు "వీళ్లకు దేశంలో సగం కావాలట" అని భయపెడుతుంటారు.

మపూచేలు పార్లమెంటు దారి పట్టలేదా అంటే, చాలా ముందే పట్టారు. 1910లో తెముకోలో కౌపోలికాన్ సొసైటీ పుట్టింది, చదువుకున్న టీచర్ల సంఘం. 1924లో ఫ్రాన్సిస్కో మెలివిలు తొలి మపూచే డిప్యూటీగా, అంటే దిగువ సభ సభ్యుడిగా గెలిచాడు. ఆ తర్వాత డిప్యూటీ అయిన మాన్యుయెల్ మంకిలెఫ్, ఉమ్మడి పట్టాల్ని విడగొట్టి ఎవరి ముక్క వాళ్లకిచ్చే 1927 నాటి చట్టానికి మద్దతు పలికాడు. వ్యక్తిగత ఆస్తి ఉంటేనే మపూచేలు బాగుపడతారని ఆయన నమ్మకం. అదే కాలంలో మాన్యుయెల్ అబుర్తో పంగిలెఫ్ అనే ఇంకో నాయకుడు పూర్తిగా ఎదురు దిక్కున నడిచి, 1931లో మూలవాసుల గణతంత్రం కావాలన్నాడు. 1952లో వెనాన్సియో కొన్యోయెపాన్ ఏకంగా భూముల మంత్రి అయ్యాడు. అంటే వందేళ్ల కిందటే మపూచే రాజకీయాల్లో కుడి, ఎడమ, విడిగా ఉండాలనేవాళ్లు, కలిసిపోవాలనేవాళ్లు అందరూ ఉన్నారు. అయితే గెలిచినవాళ్లు ఎవరైనా చిలీ పార్టీల టికెట్ మీదే గెలిచారు, పార్టీకి అవసరం తీరగానే మపూచేల ఎజెండా అటకెక్కేది.

1970లో సోషలిస్టు నాయకుడు అయెందే అధ్యక్షుడయ్యాక భూసంస్కరణ జోరందుకుంది. వ్యవసాయ మంత్రి జాక్ చోంచోల్ 1971 మొదట్లో తన మంత్రిత్వ శాఖనే తాత్కాలికంగా దక్షిణానికి తరలించి, పోయిన భూముల్ని తిరిగి ఇప్పించడం మొదలుపెట్టాడు, 1972లో కొత్త మూలవాసుల చట్టం కూడా వచ్చింది. 1973 సెప్టెంబర్‌లో సైనిక తిరుగుబాటు జరిగి అంతా తలకిందులైంది. ఆ ఏడాది మార్చిలోనే కమ్యూనిస్టు పార్టీ నుంచి గెలిచిన మపూచే డిప్యూటీ రొసెందో వెనుమాన్ పదవి, పార్లమెంటుతో పాటే ఆర్నెల్లకు పోయింది. మపూచేల్లో చాలామంది హత్యకు గురయ్యారు, మాయమయ్యారు.

ఆ తిరుగుబాటుతో గద్దెనెక్కిన సైనిక నియంత పినోచెట్ కాలంలో వచ్చిన రెండు డిక్రీలు ఇవాళ్టి గొడవకు నేరుగా పునాది వేశాయి. 1974 నాటి 701వ నంబరు డిక్రీ ప్రకారం చెట్లు నాటే కంపెనీలకు ఖర్చులో 75 శాతం దాకా సర్కారే భరించింది. భూసంస్కరణలో ఇచ్చి సైనిక ప్రభుత్వం తిరిగి లాక్కున్న భూముల్లో చాలా భాగం అటవీ కంపెనీలకు చేరి, పైన్, యూకలిప్టస్ తోటలుగా మారిపోయింది. యూకలిప్టస్ అంటే మనకు తెలియంది కాదు, నీలగిరి చెట్టు, నీళ్లు ఎంత తాగుతుందో మన రైతుల్ని అడిగినా చెబుతారు. అక్కడి ఊళ్లలో బావులు ఎండిపోయి, వేసవిలో లారీలతో నీళ్లు తోలించుకునే పరిస్థితి వచ్చింది. పైగా 1981 నాటి నీటి చట్టం నీటి హక్కును భూమి నుంచి విడదీసి అమ్ముకునే సరుకు చేసింది. రెండోది 1979 నాటి 2568వ నంబరు డిక్రీ. ఉమ్మడి భూమిని విడగొట్టమని సముదాయంలో ఒక్కరు అడిగినా విడగొట్టేశారు. విడగొట్టాక ఆ భూమి మూలవాసుల భూమి కాదు, దాని యజమానులు మూలవాసులూ కారు అని ఆ డిక్రీ మొదటి రూపంలో రాశారు. ఒక జనాన్ని కలం పోటుతో లేకుండా చేసే ఆ వాక్యం చదివినప్పుడల్లా కడుపు రగులుతుంది.

ఆ వాక్యానికి వ్యతిరేకంగానే కొత్త మపూచే ఉద్యమం లేచింది. నియంతృత్వం పోయే వేళ, 1989 డిసెంబర్ 1న న్యూవా ఇంపీరియల్ పట్టణంలో, కాబోయే అధ్యక్షుడు పత్రీసియో ఐల్విన్‌తో మూలవాసుల సంఘాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. మేం నీకు మద్దతిస్తాం, రోడ్డెక్కకుండా సంస్థల ద్వారా పని చేస్తాం. నువ్వు రాజ్యాంగంలో మమ్మల్ని గుర్తించు, చట్టం తీసుకురా, మూలవాసుల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 169వ ఒప్పందాన్ని ఆమోదింపజెయ్యి. చట్టం 1993లో వచ్చింది. 169వ ఒప్పందానికి ఆమోదం 2008 దాకా రాలేదు. రాజ్యాంగంలో గుర్తింపు ఇప్పటికీ రాలేదు. 1980లో పినోచెట్ హయాంలో రాసిన రాజ్యాంగమే ఎన్నో సవరణలతో ఇంకా నడుస్తోంది, అందులో మూలవాసుల్ని జాతులుగా గుర్తించే వాక్యం ఒక్కటి కూడా లేదు.

1993 చట్టంతో మూలవాసుల వ్యవహారాలు చూసే కోనాడి అనే ప్రభుత్వ సంస్థ పుట్టింది, దాని కౌన్సిల్‌లో ఎనిమిది మంది మూలవాసులు, అందులో నలుగురు మపూచేలు. డైరెక్టర్‌ని నియమించేది మాత్రం దేశాధ్యక్షుడు. దీని అర్థమేమిటో రాల్కో ఆనకట్ట దగ్గర తేలిపోయింది. బియోబియో నది ఎగువన పెవెంచేలు, అంటే మపూచేల్లోనే కొండ ప్రాంతపు జనం, నివసించే లోయను ముంచే జలవిద్యుత్ ప్రాజెక్టు అది. చట్టం ప్రకారం మూలవాసుల భూమి మార్పిడికి కోనాడి ఒప్పుకోవాలి. ఒప్పుకోవడానికి ఇష్టపడని డైరెక్టర్ మౌరీసియో వెంచులాఫ్‌ను 1997లో, ఆయన తర్వాత వచ్చిన దొమింగో నమున్కురాను 1998లో పదవుల్లోంచి తప్పించారు. నికొలాసా, బెర్తా కింత్రెమాన్ అనే వృద్ధులైన అక్కచెల్లెళ్లు ఏళ్ల తరబడి తమ ఇల్లు వదలబోమని కూర్చున్నారు. 2004లో ఆనకట్ట ప్రారంభమైంది. రాజ్యం తనకు తానుగా కట్టిన గుమ్మంలోంచి లోపలికి వచ్చి మాట్లాడినా ఇదే జరిగితే, గుమ్మం బయట నిలబడేవాళ్ల సంఖ్య పెరగక ఏమవుతుంది?

1997 డిసెంబర్ 1న లుమాకో దగ్గర అటవీ కంపెనీకి కలప మోసే మూడు లారీలు తగలబడ్డాయి. ఈ కొత్త దశకు అదే మొదలు అంటారు. మరుసటి ఏడు కోఆర్డినదోరా అరౌకో-మయేకో అనే సంస్థ ఏర్పడింది, దాన్ని కాం అని పిలుస్తారు. దాని దారి సీట్లది కాదు, తోటల్ని ఆక్రమించి యంత్రాల్ని కాల్చి కంపెనీల్ని వెళ్లగొట్టడం. రాజ్యం జవాబు 1984లో నియంతృత్వం తెచ్చిన ఉగ్రవాద నిరోధక చట్టం. ముఖం చూపించని సాక్షులు, నెలల తరబడి రిమాండ్. లోంకోలైన అనిసెతో నోరిన్, పస్కువల్ పిచూన్ మరికొందరూ ఈ చట్టం కింద జైలుకెళ్లారు. 2014 మేలో అమెరికా ఖండపు మానవ హక్కుల న్యాయస్థానం ఆ శిక్షలు తప్పని చిలీకి చెప్పింది, ఐదేళ్ల తర్వాత చిలీ సుప్రీంకోర్టు వాటిని చెల్లకుండా చేసింది. 2018లో ఇంకో ఘోరం బయటపడింది: హురకాన్ ఆపరేషన్ పేరుతో మపూచే నాయకుల ఫోన్లలో దొరికాయని పోలీసులు చూపించిన మెసేజ్‌లు కల్పితమని ప్రాసిక్యూషనే తేల్చింది.

చావుల గురించి చెప్పకుండా దాటడం న్యాయం కాదు. 2002లో పదిహేడేళ్ల అలెక్స్ లెమూన్, 2008 జనవరిలో ఇరవై రెండేళ్ల మతియాస్ కత్రిలెయో వీపులో తూటాతో, 2018 నవంబర్‌లో ఇరవై నాలుగేళ్ల కమీలో కత్రియాంకా ట్రాక్టర్ నడుపుతూ, అందరూ పోలీసు తూటాలకే పోయారు. కత్రిలెయోను చంపిన పోలీసుకు మూడేళ్ల శిక్ష పడినా జైలు బయటే గడిపాడు, కత్రియాంకా కేసులో 2021లో 16 ఏళ్లు పడింది. అవతలి వైపు కూడా మనుషులు చనిపోయారు. 2013 జనవరిలో విల్కూన్ దగ్గర దాడి చేసినవాళ్లు ఇంటికి నిప్పుపెడితే ఒక వృద్ధ రైతు దంపతులు కాలి చనిపోయారు, ఒక మాచికి 18 ఏళ్ల శిక్ష పడింది. లారీ డ్రైవర్లు, తోట కార్మికులు, వాళ్లలో మపూచేలూ ఉన్నారు, భయంతో బతుకుతున్నారు. 2021 అక్టోబర్‌లో అక్కడ అత్యయిక స్థితి విధించి సైన్యాన్ని దించారు. దాన్ని ఎత్తేస్తానని వచ్చిన వామపక్ష అధ్యక్షుడు గాబ్రియెల్ బోరిచ్ 2022 మార్చిలో ఎత్తేసి, మేలో మళ్లీ పెట్టి, పొడిగిస్తూ పోయాడు. కాం నాయకుడు హెక్తోర్ యైతుల్‌కు 2024 మేలో 23 ఏళ్ల జైలుశిక్ష పడింది.

ఇప్పుడు సీట్ల దగ్గరికొద్దాం. 1996లో అదోల్ఫో మియబూర్ తిరూవా అనే చిన్న తీర పట్టణానికి మేయర్ అయ్యాడు, ఎన్నికల్లో గెలిచిన తొలి మపూచే మేయర్ ఆయనే. ఫ్రాన్సిస్కో వెంచుమియా డిప్యూటీగా, మంత్రిగా, తెముకో మేయర్‌గా చేసి, 2014లో అరౌకానియాలో కేంద్ర ప్రభుత్వ ప్రతినిధిగా పదవి చేపట్టగానే రాజ్యం తరఫున మపూచేలకు క్షమాపణ చెప్పాడు. భూమి ఇస్తామని రప్పించి గొడవ మధ్యలో వదిలేసినందుకు వలస వచ్చిన రైతుల వారసులకూ చెప్పాడు. నాకు తెలిసి ఈ గొడవ మీద రాజ్యం ప్రతినిధులు పలికిన మాటల్లో ఇంత సూటిది ఇంకోటి లేదు. ఏడాదిన్నర లోపే ఆయన్ని ఆ పదవి నుంచి తప్పించారు, తర్వాత సెనేటర్ అయ్యాడు. దిగువ సభకు మపూచే మహిళలు ఇద్దరు తొలిసారి గెలిచింది 2017లో: సోషలిస్టు ఎమీలియా నుయాదో, కుడిపక్షం నుంచి అరసెలీ లెయుకెన్. ఒకేసారి, ఒకరికొకరు ఎదురుగా.

2019 అక్టోబర్‌లో శాంటియాగో మెట్రో టికెట్ ధర పెరిగిందని మొదలైన గొడవ దేశమంతా పాకినప్పుడు, వీధుల్లో పార్టీ జెండాల కంటే ఎక్కువ కనిపించింది 1992లో మపూచేలు తయారు చేసుకున్న వెనుఫోయె జెండా. ఆ ఊపులోనే కొత్త రాజ్యాంగ సభలో 17 సీట్లు మూలవాసులకు ప్రత్యేకించారు, అందులో ఏడు మపూచేలకు. దీన్ని మన దేశంలోని ఎస్టీ రిజర్వుడు నియోజకవర్గంతో పోల్చుకుంటే పొరపడతాం. మన దగ్గర అభ్యర్థి ఎస్టీ అవ్వాలి, ఓటు మాత్రం నియోజకవర్గంలోని అన్ని కులాలవాళ్లూ వేస్తారు. చిలీలో 2021లో మపూచే సీటుకు మపూచే ఓటర్లే ఓటు వేశారు, అంటే అంబేడ్కర్ అడిగి, 1932 పూనా ఒప్పందంతో వదులుకోవాల్సి వచ్చిన ప్రత్యేక నియోజకవర్గాల పద్ధతికి ఇది దగ్గర. మపూచే ఓటరు మామూలు బ్యాలెట్ గానీ మూలవాసుల బ్యాలెట్ గానీ ఏదో ఒకటే తీసుకోవాలి.

ఏడింటిలో నాలుగు బియోబియో, న్యూబ్లే, అరౌకానియా ప్రాంతాలకు, రెండు ఇంకా దక్షిణాదికి, ఒకే ఒక్కటి శాంటియాగోకూ దానితో పాటు మరికొన్ని ప్రాంతాలకూ కలిపి. మపూచేల్లో మూడో వంతుకు పైగా ఉన్న రాజధానికి విడిగా ఒక్క సీటు కూడా లేదు, అంత పెద్ద ప్రాంతంతో పంచుకోవాల్సిందే! మపూచే అంటే పల్లెల్లోనే ఉంటారన్న ఊహ చట్టంలోకి కూడా ఎలా దూరుతుందో చూడండి. పోలింగ్ కూడా నిరాశపరిచింది. దేశం మొత్తం 40 శాతం పైచిలుకు ఓటేస్తే, మూలవాసుల సీట్లకు నాలుగో వంతు ఓటర్లు కూడా ఆ బ్యాలెట్ తీసుకోలేదు. పోలింగ్ కేంద్రాల్లో ఆ బ్యాలెట్ ఇవ్వలేదన్న ఫిర్యాదులు ఉన్నాయి, అసలు ఆసక్తి లేనివాళ్లూ ఉన్నారు, కాం లాంటి సంస్థలు ఈ సభ మాది కాదని మొదటే చెప్పేశాయి. అయినా గెలిచినవాళ్లు గట్టివాళ్లు. మాచి ఫ్రాన్సిస్కా లింకొనావో ఆ విల్కూన్ కేసులోనే నిందితురాలిగా జైల్లో ఉండి, నిర్దోషిగా బయటికొచ్చిన మనిషి.

మరి ముసాయిదా ఎందుకు ఓడింది? చిలీ బహుళ జాతుల రాజ్యమని, మూలవాసులకు స్వయంప్రతిపత్తి ప్రాంతాలు, తమ న్యాయవ్యవస్థ, చట్టసభల్లో సీట్లు ఉండాలని అందులో రాశారు. దేశం ముక్కలవుతుందని, ఒకే నేరానికి రెండు చట్టాలొస్తాయని పెద్ద ఎత్తున ప్రచారం జరిగింది, అందులో పచ్చి అబద్ధాలూ ఉన్నాయి. కానీ అన్నీ అబద్ధాల మీదకు తోసేయడం నాకు సరికాదనిపిస్తుంది. ఈసారి ఓటు తప్పనిసరి, ఏడాది కిందట ఇంట్లో ఉండిపోయిన లక్షల మంది బయటికొచ్చారు, వాళ్లను ఒప్పించే పని ఎవరూ చేయలేదు. మపూచే పల్లెల్లో కూడా బహుళ జాతుల రాజ్యమంటే తమ పొలానికి ఏం జరుగుతుందో ఎవరూ వచ్చి చెప్పలేదు. తమ ఇంటికి, పట్టాకు ఎసరొస్తుందన్న పుకారు, ఒకసారి భూమి పోగొట్టుకున్న జనంలో ఎంత తేలిగ్గా పాకుతుందో ఊహించుకోవచ్చు. పైగా అక్కడ ఎవాంజెలికల్ చర్చిలకు వెళ్లే మపూచేలు, కుడిపక్షాలకు ఓటేసే మపూచేలు ఏనాటి నుంచో ఉన్నారు. ఒక జాతికి హక్కులు ఉండాలంటే అందరూ ఒకే పార్టీకి ఓటెయ్యాలన్న నియమం ఎక్కడా లేదు కదా.

2023లో రెండోసారి రాజ్యాంగం రాయబోయినప్పుడు సీట్లను ముందే ఖాయం చేయకుండా, వచ్చిన ఓట్లను బట్టి ఇస్తామన్నారు. 50 మంది మామూలు సభ్యులకు అదనంగా ఒకే ఒక్క మూలవాసి సీటు దక్కింది, అలివెన్ అంతిలెయో అనే మపూచే లాయర్‌కు. ఆ ముసాయిదా కూడా 2023 డిసెంబర్ 17న ఓడిపోయింది.

భూమి కొనే పద్ధతి ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఇదంతా ఇంకా స్పష్టమవుతుంది. కోనాడి పోయిన భూమిని చట్టప్రకారం తిరిగి ఇవ్వదు, ఇప్పటి యజమాని దగ్గర మార్కెట్ ధరకు కొని సముదాయానికి ఇస్తుంది. యజమాని అమ్మనంటే అంతే. వివాదం ఉన్న భూమికి కొనుగోలులో ప్రాధాన్యం ఉంటుంది, అంటే గొడవ చేసినవాళ్ల ఫైలు ముందుకు కదులుతుంది, ఓపిగ్గా కాగితాలు పెట్టుకున్నవాళ్లది కదలదు. ధరలు ఆకాశానికెక్కాయి. పదిమంది పెద్దవాళ్లు కలిస్తే కొత్త సముదాయంగా రిజిస్టర్ చేసుకోవచ్చన్న నియమంతో పాత లోఫ్‌లు ముక్కలై, ఒకే భూమి కోసం రెండు మూడు సంఘాలు పోటీపడుతున్నాయి. ఆ తర్వాత అదే రాజ్యం "మీలో మీకే ఐక్యత లేదు, ఎవరితో మాట్లాడాలి" అంటుంది. వంద ఏళ్లుగా పట్టాలతో, డిక్రీలతో, రిజిస్ట్రేషన్లతో ముక్కలు చేసింది తనేనన్న సంగతి ఎప్పుడూ చెప్పదు.

2023 జూన్‌లో బోరిచ్ శాంతి, అవగాహన కమిషన్ వేశాడు. ఎనిమిది మంది సభ్యులు, వెంచుమియా, కుడివైపు మాజీ మంత్రి అల్ఫ్రెదో మొరేనో కలిసి నడిపారు, మియబూర్ కూడా ఉన్నాడు, రైతుల తరఫువాళ్లూ ఉన్నారు. 2025 మేలో ఏడుగురు ఒక వైపు, ఒక్కరు వ్యతిరేకంగా నివేదిక ఇచ్చారు: రాజ్యాంగంలో గుర్తింపు, భూముల కోసం కొత్త వ్యవస్థ, రెండు వైపులా హింసకు గురైనవాళ్లకు పరిహారం. కుడిపక్ష నాయకులూ మపూచే నాయకులూ ఒకే కాగితం మీద సంతకం పెట్టడం ఈ గొడవలో అరుదు, దాన్ని తక్కువ చేసి చూడకూడదు. కానీ కమిషన్ చెప్పినదేదీ తనంతట అమల్లోకి రాదు. ప్రతి దానికీ చట్టమో రాజ్యాంగ సవరణో కావాలి, అది 155 మంది డిప్యూటీలు, 50 మంది సెనేటర్లు ఉన్న కాంగ్రెస్‌లో నెగ్గాలి. ఆ 205 సీట్లలో మపూచేలు మపూచేలుగా ఎన్నుకునే సీటు ఒక్కటీ లేదు.